కొలిచి కట్టిన కాగితపు వీధి



సెలవులు దగ్గర పడినప్పుడెల్లా తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, పిల్లలు పొద్దస్తమానం సెల్‌ఫోనులోనే తల దూర్చి కూర్చుంటున్నారు. వాళ్ల చేతికి ఏం పని చెప్పమంటారు?" పల్లెలో వ్యవసాయం చేసుకొనేవారూ ఇదే అడుగుతారు, హైదరాబాదు వెళ్లి మాదాపూర్‌లో అద్దె ఇంట్లో కాపురముండేవారూ ఇదే అడుగుతారు. అందుచేత ఈ నెల ఒక చేతిపని గురించి వ్రాస్తున్నాను. దీనికి ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. పాత ఇళ్లను, పాత వీధులను, ఎడ్లబండ్లను కాగితంతోను అట్టతోను కొలత తప్పకుండా చిన్నవిగా కట్టడమే ఆ పని.

ఇది కొత్తగా పుట్టినదేమీ కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులో ఆట వస్తువులకు ఇనుము, తగరం దొరకలేదు. అప్పుడు 1941లో జెఫ్రీ హైవే అనే ఆయన పోస్టుకార్డంత అట్టల మీద రైలింజన్లు, ప్రసిద్ధమైన కట్టడాలు అచ్చువేసి అమ్మడం మొదలుపెట్టాడు. కత్తిరించి, మడిచి, అంటించుకొంటే చాలు. కరువు రోజుల్లో కాగితమే ఇనుమైంది, రాయి అయింది. ఈనాటికీ అనేక దేశాలలో పిల్లలూ పెద్దలూ తమ ఊరి పాత బజారును, గుర్రపు బండ్లను కాగితంతో కట్టి దాచుకొంటున్నారు. మన ఊళ్లలో మాత్రం ఈ పని ఇంటింటి అలవాటు కాలేదు. క్రిస్మసుకు వెదురు బద్దలతో నక్షత్రం కట్టి రంగు కాగితం అంటించే చేతులు మనకున్నాయి. అవే చేతులు ఈ పనికీ చాలును.

బొమ్మ వేరు, నమూనా వేరు

మన కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కర్రతో ఎడ్లబండిని, తాడిచెట్టు ఎక్కే మనిషిని ఎంత ముద్దుగా చేస్తారో మీకు తెలుసు. అది బొమ్మ. చూసి సంతోషించడానికి చేసినది. అందులో ఎద్దు కన్నా మనిషి పెద్దగా ఉన్నా ఎవరూ తప్పు పట్టరు. నమూనా సంగతి అలా కాదు. నమూనాలో తలుపు ఎంత చిన్నదైతే గోడా అంతే చిన్నది కావాలి, చక్రం ఎంత చిన్నదైతే కాడీ అంతే చిన్నది కావాలి. అన్నిటినీ ఒకే లెక్కన తగ్గించాలి. ఆ లెక్క తప్పితే అది మళ్లీ బొమ్మే అవుతుంది.

ఈ లెక్క ఎంత ముఖ్యమో చెప్పే ముచ్చట ఒకటి మన హైదరాబాదులోనే జరిగింది. కోఠిలో ఇంగ్లీషువారి రెసిడెన్సీ భవనం ఉన్నది. 1949 నుండి చాలాకాలం అది మహిళా కళాశాలగా నడిచింది, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్నది. దానిని కట్టించినది జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు. ఆయన భవనానికి స్థలం కావాలని పెద్ద కాగితం మీద నక్షా గీయించి నిజాము నవాబుకు చూపించాడట. ఆ కాగితం పరిమాణం చూసి నవాబు ఒప్పుకోలేదు. ఆయన రాజ్యం పటం కూడా దాదాపు అంతే ఉండేదట! సంగతి గ్రహించిన రెసిడెంటు అదే నక్షాను చిన్న అట్ట మీద గీయించి మళ్లీ తీసుకొని వెళితే నవాబు వెంటనే సరేనన్నాడట. ఆ కాలపు ఇంగ్లీషు అధికారి జాన్ మాల్కం ఈ కథను వ్రాసిపెట్టాడు. కథలో నవ్వు ఉన్నది గాని పాఠమూ ఉన్నది. భవనం మారలేదు, కోరిన భూమి మారలేదు. కాగితం మీద ఎన్ని గజాలకు ఒక అంగుళం అన్నదే మారింది. అందుకే మీరు ఏ నమూనా కట్టినా దాని పీట మీద ఆ లెక్క తప్పక వ్రాయండి. లెక్క వ్రాయని నమూనా చూసేవారిని ఏమార్చగలదు.

అదే రెసిడెన్సీ వెనుక తోటలో ఆ భవనానికి ఒక చిన్న నమూనా కూడా కట్టించారు. కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా బేగం ఘోషాలో ఉండేది. భవనం ముందు భాగానికి వచ్చి చూచే వీలు ఆమెకు లేదు. ఆమె కోసమే ఆయన దానిని చిన్నదిగా కట్టించి అంతఃపురం తోటలో పెట్టించాడని నగరంలో చెప్పుకొంటారు. నమూనా దేనికి పనికివస్తుందని ఎవరైనా అడిగితే ఈ ఒక్క ఉదాహరణ చాలు. వెళ్లి చూడలేనివారి దగ్గరకు అది కట్టడాన్ని తీసుకొనివస్తుంది.

మాదాపూర్ పిల్లవాని ప్రశ్న

ఇప్పుడు మాదాపూర్ సంగతికి వద్దాము. ఈనాడు అక్కడ పుట్టిన పిల్లవానికి అది అద్దాల మేడల ఊరు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తరువాత మేడ వెంట మేడ లేచింది. 2019లో మెట్రో రైలు వచ్చింది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది. ఒకప్పుడు గోలకొండకు నీళ్లిచ్చిన చెరువు అదేనని, మాదాపూర్ కూడా శేరిలింగంపల్లి మండలంలో మన ఊళ్లవంటి ఊరేనని చెబితే పిల్లవాడు కళ్లు పెద్దవి చేసి, "తాతా, మరి ఆ ఊరు ఏమైంది?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి తాత నోటిమాట తప్ప చేతిలో ఏముంది?

అదే మాదాపూర్‌లో 1992లో ఏర్పడిన శిల్పారామం ఉన్నది. చేతివృత్తులవారి కోసం నెలకొల్పిన ఆ చోట గ్రామీణ ప్రదర్శనశాల పేరుతో మట్టి గోడల ఇళ్లు, గడ్డి కప్పులు, కుమ్మరి, నేతగాడు మొదలైన వృత్తులవారి పనితీరు చూపించే బొమ్మలు ఉన్నాయి. నగరానికి వెళ్లినప్పుడు పిల్లలను తప్పక తీసుకొని వెళ్లండి. ఇల్లు ఎలా కడతారో, కప్పు ఎలా వేస్తారో చూపించడానికి అది మంచి చోటు. అయితే అది ఊరంటే ఎలా ఉంటుందో చూపించే ఊరు. ఫలానా ఊరు కాదు, మీ ఊరు కాదు. మీ తాతగారి అరుగు, మీ వీధి చివరి వేపచెట్టు, పాత మిషను బడి అందులో ఉండవు. వాటిని కొలిచి కట్టవలసినవారు మీరే.

పాతికేళ్లలో మాదాపూర్‌కు జరిగినది రేపు మీ ఊరికీ జరగవచ్చు. రోడ్డు వెడల్పు చేస్తారు, కొత్త స్లాబు ఇల్లు లేస్తుంది, పెంకుటిల్లు పోతుంది. దానిని ఆపమని నేను చెప్పడం లేదు. వానకు కారే కప్పు కింద పడుకొన్నవారికే ఆ బాధ తెలుసు. పడగొట్టే ముందు ఒక టేపు తీసుకొని కొలవండి అని మాత్రమే నా మనవి.

ముందు టేపు, తరువాత కత్తెర

పిల్లలు మొదటిరోజే కత్తెర పట్టుకొంటారు. పట్టనివ్వకండి. మొదట నాలుగు రోజులు టేపు, నోటుపుస్తకం, పెన్సిలు మాత్రమే ఇవ్వండి. ఒకరు టేపు చివర పట్టుకోవాలి, ఒకరు అంకె చదవాలి, ఒకరు వ్రాసుకోవాలి. ఇంటి ముందు గోడ పొడవు, ఎత్తు, తలుపు వెడల్పు, అరుగు ఎత్తు, కిటికీకి గోడ అంచుకు మధ్య దూరం, మట్టి గోడ మందం, అన్నీ వ్రాయాలి. ఇంటివారిని అడిగి, సెలవు తీసుకొని కొలవాలని కూడా నేర్పండి.

ఎక్కి కొలవలేని ఎత్తును నీడతో కొలవవచ్చు. నాలుగడుగుల కర్రను చదునైన నేల మీద నిలువుగా పాతండి. దాని నీడ ఆరడుగులున్నదనుకొందాము. అదే నిమిషంలో ఆలయం గంట గోపురం నీడను గోపురం అడుగు మధ్య నుండి కొలిస్తే నలభై అయిదు అడుగులున్నదనుకొందాము. ఆరు అడుగుల నీడకు నాలుగడుగుల ఎత్తు గనుక నలభై అయిదుకు ముప్ఫై అడుగులు. బడిలో త్రైరాశికం అంటే భయపడే పిల్లవాడు ఇక్కడ దానిని నవ్వుతూ చేస్తాడు.

తరువాత లెక్క పెట్టుకోవాలి. అడుగులలో కొలిచినవారికి నాలుగడుగులకు ఒక అంగుళం అన్న లెక్క వీలుగా ఉంటుంది. అంటే అసలులో నలభై ఎనిమిదవ వంతు. ఒక అడుగు పావు అంగుళమవుతుంది, మూడంగుళాలు అంగుళంలో పదహారవ వంతు అవుతుంది. ఇరవై నాలుగు అడుగుల ఇంటి ముఖం ఆరంగుళాలు, ఆరడుగుల తలుపు అంగుళంన్నర, నాలుగడుగుల పిల్లవాడు సరిగ్గా ఒక అంగుళం. మీటర్లలో కొలిచేవారు మీటరుకు రెండు సెంటీమీటర్లు పెట్టుకోండి. అది యాభయ్యో వంతు.

యాభయ్యో వంతు లెక్కతో కట్టిన నమూనా ఒకటి యెరూషలేములో ఉన్నది. రెండవ దేవాలయ కాలపు పట్టణమంతటినీ రాతితో కట్టారు. 1948 యుద్ధంలో కుమారుని పోగొట్టుకొన్న హాన్స్ క్రోక్ అనే హోటలు యజమాని, ఆ కుమారుని జ్ఞాపకార్థం చేయించిన పని అది. మైకేల్ అవీ యోనా అనే పురాతత్వ శాస్త్రజ్ఞుని పర్యవేక్షణలో 1966కు పూర్తయింది. హోటలు ఆవరణలో ఉన్న దానిని 2006లో ముక్కలు ముక్కలుగా విడదీసి ఇజ్రాయేలు మ్యూజియానికి తరలించి మళ్లీ కూర్చారు. పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లివచ్చినవారిలో దానిని చూచినవారు ఉంటారు. దావీదు తన కుమారుడైన సొలొమోనుకు మందిరపు మచ్చును అప్పగించిన సంగతి మొదటి దినవృత్తాంతముల గ్రంథం 28వ అధ్యాయంలో చదువుతాము. అక్కడ కట్టబోయే దానికి మచ్చు. ఇక్కడ పోయినదానికి నమూనా. రెండిటికీ కొలతే ఆధారం.

ఇంట్లో ఉన్న సామాను చాలు

అట్ట కొనవలసిన పని లేదు. పాత శుభలేఖలు, క్యాలెండరు అట్టలు, చొక్కా పెట్టెల అట్టలు దాచిపెట్టండి. శుభలేఖ అట్ట గట్టిగా, నున్నగా ఉండి గోడలకు బాగా పనికివస్తుంది. మడత పెట్టవలసిన చోట స్కేలు ఆనించి, సిరా అయిపోయిన పెన్ను రీఫిల్‌తో గట్టిగా ఒక గీత గీయండి. అప్పుడు అట్ట చిట్లకుండా నిటారుగా మడుగుతుంది. గోడ అంచున పావు అంగుళం రెక్క వదలండి. ఆ రెక్కకే జిగురు పూయాలి. ఫెవికాల్ లేకపోతే మైదా పిండిని నీళ్లలో ఉడికించిన జిగురు చాలు. పురుగు పట్టకుండా కొందరు అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం గనుక పిల్లలు చేసే పనిలో వద్దు. బ్లేడు పని పెద్దలే చేయాలి.

పెంకుల కప్పుకు మందుల పెట్టెల ముడతల అట్ట తీసుకొని పై పొర తడిపి ఊడదీయండి. లోపలి ముడతలు గూన పెంకుల వరుసల వలె కనిపిస్తాయి. ఎర్రమట్టి నీళ్లు పూస్తే రంగు కూడా కుదురుతుంది. గడ్డి కప్పుకు వరిగడ్డినే సన్నగా తరిగి అంటించండి. వాసాలకు, దూలాలకు కొబ్బరి ఈనెలు ఉన్నాయి.

ఒక ఇల్లు కట్టడం వచ్చిన తరువాత వీధి కట్టడం కష్టం కాదు. హైదరాబాదులో చార్మినారుకు వెళ్లే దారిలో పత్తర్‌గట్టీని చూచి ఈ కిటుకు నేర్చుకోవచ్చు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచివేసిన తరువాత, 1912లో నగరాభివృద్ధి సంస్థ ఒకటి ఏర్పడింది. ఆ సంస్థ చేతుల మీద వచ్చిన రాతి అంగళ్ల వరుస అది. ఒకే రకం కమాను మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక్క కమానును సరిగ్గా కొలిచి గీసుకొంటే జెరాక్సు తీయించి కావలసినన్ని అంటించుకోవచ్చు. మీ ఊరి బజారులోనూ ఒకే కొలత తలుపులు, ఒకే కొలత స్తంభాలు ఎన్నో ఉంటాయి. చూడటం అలవాటైతే కనిపిస్తాయి.

పెద్ద కట్టడానికి లెక్క మార్చుకోవాలి. మన మెదకు మహాదేవాలయాన్ని తీసుకొందాము. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి నాయకత్వంలో, కరువు రోజుల్లో ఆకలిగొన్నవారికి పని చూపించి అన్నం పెడుతూ కట్టించిన ఆలయం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 2024లో నూరేండ్లు నిండాయి. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంట గోపురం ఎత్తు 175 అడుగులు. నాలుగడుగులకు ఒక అంగుళం లెక్కన గోపురం దాదాపు నలభై నాలుగు అంగుళాలవుతుంది, అంటే పిల్లవాని అంత ఎత్తు. ఎనిమిదడుగులకు ఒక అంగుళం పెట్టుకొంటే ఇరవై రెండు అంగుళాల గోపురం, ఇరవై అయిదు అంగుళాల పొడవు, పన్నెండున్నర అంగుళాల వెడల్పు. బల్ల మీద కుదురుతుంది. దాని ముందు నిలిపే మనిషి ముప్పావు అంగుళం కూడా ఉండడు. అంత పెద్ద గోడలను అన్నం కోసం రాళ్లు మోసిన మన ముత్తాతలు లేపారని, అప్పుడు పిల్లవానికి కొలతతో అర్థమవుతుంది.

బండిలో ఎందరి చెయ్యి ఉన్నది

వీధి కట్టాక అందులో బండి నిలపాలి. ఎడ్లబండి కట్టాలంటే ముందు దాని భాగాల పేర్లు తెలియాలి. చక్రం మధ్యన కుండ, కుండలో నుండి బయటకు వచ్చే ఆకులు, రెండు చక్రాలను కలిపే ఇరుసు, చక్రం జారిపోకుండా శీల, ముందుకు సాగిన నొగ, ఎడ్ల మెడ మీద కాడి. ఈ మాటలు ఇప్పటి పిల్లలకు రావు. తాతగారిని పిలవండి. ఆయన కుర్చీ వేసుకొని కూర్చుంటే సగం పాఠం అయినట్టే. ప్రయాణాలకు వాడిన గూడు బండిని కొన్ని ఊళ్లలో కచ్చురం అనేవారు. మీ ఊరిలో ఏమనేవారో అడిగి ఆ మాటే వ్రాసుకోండి.

అయిదడుగుల చక్రం మన లెక్కన అంగుళంపావు అవుతుంది. రెండు మూడు పొరల అట్ట అంటించి గుండ్రంగా కోయండి. ఆకులెన్ని ఉన్నాయో అసలు చక్రం దగ్గరకు వెళ్లి లెక్కపెట్టాలి, ఊహించి పెట్టకూడదు. చుట్టూ పట్టాకు నల్ల కాగితం సన్నగా కత్తిరించాలి. ఎంత పొడవు కావాలి? వ్యాసాన్ని 3.14తో హెచ్చిస్తే నాలుగంగుళాలకు కాస్త తక్కువ.

ఇక్కడ కమ్మరి పని గురించి చెప్పండి. ఇనుప పట్టాను చక్రం చుట్టుకొలత కన్నా కొంచెం తక్కువగా చేస్తారు. దానిని మంటలో ఎర్రగా కాలుస్తారు. వేడికి ఇనుము సాగుతుంది. సాగినప్పుడు చక్రానికి తొడిగి నీళ్లు పోస్తారు. చల్లబడి కుదించుకొన్న పట్టా ఆకులను, గుండ్రటి చెక్కలను, కుండను కలిపి బిగించి పట్టుకొంటుంది. సైన్సు పుస్తకంలో ఒక పేజీ చదివిన దాని కన్నా ఇది ఎక్కువ గుర్తుంటుంది.

చక్రం వడ్రంగిది, పట్టా కమ్మరిది, ఎడ్లకు కట్టే తోలు పట్టెడలు మాదిగ పెద్దలవి, గోనె పట్టాలు నేతపనివారివి, తోలినది పాలేరు. ఒక బండి కదలాలంటే ఊరంతా చెయ్యి వేయాలి. ఆ ఊరంతా బండి మీద ఎక్కే వీలు మాత్రం ఉండేది కాదు.

పేటను ఎక్కడ పెట్టాలి?

ఈ చేతిపనిలో అసలు పరీక్ష ఇదే. ఊరి నమూనా కట్టమంటే పిల్లలు గడి కడతారు, కోట బురుజు కడతారు, అంగళ్ల వీధి కడతారు, చావడి కడతారు. అందంగా ఉంటుంది. మరి మన పెద్దలలో అనేకులు బ్రదికిన పేట ఎక్కడ? వాడ ఎక్కడ? వారు నీళ్లు తోడుకొన్న వేరే బావి ఎక్కడ? టీ హోటలు గోడకు వేరుగా తగిలించిన గ్లాసులు ఎక్కడ? పాత వీధి అంటే పెంకులు, కమానులు, ముగ్గులు మాత్రమే అనుకొని కడితే మనం కట్టినది బొమ్మ.

పేటను కూడా కొలిచి కట్టండి. వీధి చివరి ఇంటి నుండి పేటలో మొదటి గుడిసెకు ఎన్ని అడుగులో టేపుతో కొలవండి. మూడువందల అడుగులున్నదనుకొందాము. మన లెక్కన అది డెబ్బై అయిదు అంగుళాలు, అంటే ఆరడుగుల మూడంగుళాలు. మీ పీట మీద పట్టదు. దగ్గరకు జరిపి ఒకే పీట మీద పెట్టాలని మనసుకు తోస్తుంది. జరపకండి. రెండవ పీట చేసి, దాని మీద పేటను కట్టి, గదిలో సరిగ్గా అంత దూరంలోనే పెట్టండి. చూడవచ్చినవారు "అదేమిటి, అది అంత దూరాన ఎందుకు పెట్టారు?" అని అడుగుతారు. అప్పుడు మీ పిల్లవాడు "మేము పెట్టలేదండీ, అప్పట్లో అంత దూరాన ఉండేది" అని చెబుతాడు. ఎవరినీ నిందించనక్కరలేదు, కేకలు వేయనక్కరలేదు. కొలత తన మాట తాను చెబుతుంది.

కొందరు తల్లిదండ్రులకు ఇది ఇష్టముండకపోవచ్చు. ఆ పాత బాధలు పిల్లలకెందుకు అంటారు. వారి ప్రేమను నేను అర్థం చేసుకొంటాను. అయితే ఆ దూరం నడిచి బడికి వెళ్లినవారు, ఆ దూరం నడిచి ఆరాధనకు వచ్చినవారు మన నాయనమ్మలు, తాతయ్యలు. దూరాన్ని చెరిపివేస్తే వారి నడకను కూడా చెరిపివేసినట్టే కదా.

పాత ఆలయాన్ని పడగొట్టే ముందు

సంఘ పెద్దలకు ఒక మాట. మన సంఘాలలో అనేకచోట్ల పాత ఆలయం తీసి కొత్తది కడుతున్నాము. స్థలం చాలడం లేదు, గోడలు నెర్రెలిచ్చాయి, కట్టక తప్పదు. కొత్త ఆలయానికి పునాది వేసే ఆదివారానికి ముందు నెల రోజులు యౌవనస్థుల చేతికి టేపు ఇవ్వండి. నాలుగు వైపులా ఫొటోలు తీయించండి. ఫొటోలో గోడ పక్కన కొలత గుర్తులు వేసిన కర్ర ఒకటి నిలబెడితే, గోడ పోయిన తరువాత కూడా ఫొటోను బట్టి కొలత కట్టవచ్చు. పాత బల్లలు ఎన్ని వరుసలు, స్త్రీలు ఎటు కూర్చొనేవారు, గంట ఎక్కడ వ్రేలాడేది, బడి ఏ మూల నడిచేది, ఇవన్నీ వృద్ధులను అడిగి వ్రాయించండి. ఆ ఆలయాన్ని కాగితంతో కట్టించి, గాజు పెట్టెలో కొత్త ఆలయం వసారాలో పెట్టండి. చదువు రాని ముసలమ్మ కూడా దాని దగ్గర నిలబడి, "ఇదిగో, ఇక్కడే నా పెండ్లి జరిగింది" అని వేలు పెట్టి చూపించగలదు. శిలాఫలకం మీద దాతల పేర్లు ఉంటాయి. ఆమె పెండ్లి ఉండదు.

పీట అడుగున నాలుగు సంగతులు వ్రాయడం మరచిపోకండి. ఊరి పేరు, కొలిచిన తేదీ, నిష్పత్తి, కొలతలు చెప్పిన పెద్దల పేర్లు. ఎవరి మాట మీద ఏ గోడ కట్టారో నోటుపుస్తకంలో ఉండాలి. ఇద్దరు వృద్ధులు రెండు విధాలుగా చెబితే రెండూ వ్రాయండి. నోటుపుస్తకాన్ని నమూనాతో పాటే దాచండి. కాగితం వానకు, చెదలకు పాడైపోయినా అంకెలు మిగిలితే మనుమలు మళ్లీ కట్టుకొంటారు.

మాదాపూర్‌లో ఉంటున్న మన కుటుంబాలవారు ఈ సెలవులకు సొంత ఊరు వెళ్లేటప్పుడు పిల్లల సంచిలో ఒక టేపు, ఒక నోటుపుస్తకం పెట్టండి. పల్లెలోని పాఠకులు వారి కోసం పాత శుభలేఖలు దాచి ఉంచండి. మొదటి వారం ఒక్క ఇల్లే కొలవండి. అది మీ తాతగారి ఇల్లయితే మరీ మంచిది. తలుపు ఎత్తు కొలిచేటప్పుడు గడప దగ్గర తాతగారిని నిలబెట్టి ఆయన ఎత్తు కూడా వ్రాసుకోండి. నమూనా పూర్తయిన రోజున ఆ తలుపులో అంగుళంపావు మనిషి ఒకడు నిలబడాలి కదా.

మీ కుటుంబములకు సమాధానము కలుగును గాక. వచ్చే నెల మళ్లీ కలుసుకొందాము.